కూకోమంటే కూకోను

నా చొక్కా జేబులో పద్దెనిమిది పనిముట్లున్నాయి, అన్నీ ఒకే వస్తువులో ముడుచుకుని. ప్లేయర్, తీగ తెంపేది, కత్తి, రంపం, ఆకురాయి, కత్తెర, టిన్ను ఓపెనరు, సీసా మూతలు లేపేది, దబ్బనం, సైజుకొక స్క్రూడ్రైవరు. వీధి చివర టీకొట్లో కూర్చుని ఒక్కొక్కటే లాగి చూపిస్తుంటే, ఎదుటివాడు పది దాటాక లెక్క మరిచిపోతాడు. అక్కడినుంచి నా ఇష్టం. నిజానికి ఉన్నవి పదకొండు. తక్కిన ఏడూ నా నోట్లోంచి వచ్చినవే. ఆ పదకొండులో కూడా ఒకటి దేనికో నాకు ఈనాటికీ తెలియదు. చివర కొక్కెంలా వంగి ఉంటుంది. దానితో మెడ వెనక గోక్కుంటాను.

ఈ వస్తువుని ఒక ఓడ కెప్టెన్ నాకు బహుమానంగా ఇచ్చాడని కూడా చెబుతుంటాను. తుఫానులో ఇంజను ఆగిపోతే నేను ఎక్కి బాగుచేశానట, ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడట. ఓడ ఎక్కిన మాట నిజమే, నది దాటించే దళా పడవ. ఈ వస్తువుని ఉద్యోగం మానిన వారంలో మహాబందుల రోడ్డు పేవ్‌మెంటు మీద, టార్చిలైట్లకీ టీవీ రిమోట్లకీ మధ్యనుంచి ఏరి కొనుక్కున్నాను. పేరున్న సరుక్కి నకలు. ఇక నా ఉద్యోగమంటారా, ఊరి నడుమ చౌక్తడాలో ఓ లాయరుగారి ఆఫీసులో గుమాస్తాని. నలభై ఏళ్లు కాగితాలకి చిల్లులు పొడిచి దారం కట్టాను. అరవై దాటాక గాని నా చేతికి ప్లేయర్ రాలేదు.

మా తాత శ్రీకాకుళం వైపు నుంచి బర్మాకి, ఈ ఊరి రేవుకి వచ్చినప్పుడు ఆయనకున్నది ఒకే పనిముట్టు, బస్తాలు లాగే ఇనప కొక్కెం. రేవులో ఒక పద్ధతి ఉండేదట. కొక్కేన్ని చేతికి చేయి ఇచ్చుకోరు. ఇచ్చేవాడు నేలమీద పెట్టాలి, పుచ్చుకునేవాడు వంగి తీసుకోవాలి. చేతిలోంచి చేతిలోకి వెళ్లిన ఇనుము ఇద్దరి మధ్యా తగువు పెడుతుందని వాళ్ల నమ్మకం. రేవు పని పోయింది, కొక్కెం ఏమైందో తెలీదు, ఆ పద్ధతి మాత్రం మా ఇంట్లో ఉండిపోయింది. మా కోడలు ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ఆవిడ కత్తెర అడిగితే మా మనవరాలు తెచ్చి నేలమీద పెట్టి పక్కకి జరుగుతుంది. కోపమొస్తే బర్మా మాటలు తప్ప తెలుగు రాని పిల్ల, ఆ ఒక్క సంగతిలో తాతకి తాత.

ఉండేది సంచౌంగ్‌లో, నాలుగో అంతస్తు. లిఫ్టు లేదు. దిగేటప్పుడు నాలుగు, ఎక్కేటప్పుడు ఎనిమిది. ఇక్కడి ఇళ్లన్నిటికీ బాల్కనీ నుంచి వీధిలోకి ఒక తాడు వేలాడుతూ ఉంటుంది. పైకొసన గంట, కింది కొసన క్లిప్పు. వచ్చినవాళ్లు తాడు లాగితే పైన గంట మోగుతుంది. కింద మొహింగా అమ్మే ముసలావిడ క్లిప్పుకి సంచీ తగిలిస్తే మేము పైకి లాక్కుంటాం. చేపల పులుసులో సేమ్యా, అదే మా పొద్దుటి తిండి. ఈ మెట్ల వరసలో ఆరిళ్ల గంటలూ క్లిప్పులూ నా చేతి పనే. ఆరు కాదు, మూడు. మూడోది ఊడిపోయింది.

ఈ వస్తువు వాడటం అందరికీ వచ్చనుకుంటారు. రాదు. నన్నెవరూ అడగలేదు గనక చెప్పి తీరతాను. ముందు రెండు పిడులూ విడదీసి తిప్పితే ప్లేయర్ బయటికొస్తుంది. ఇంటి యజమాని అదే, మిగతావన్నీ పిడుల్లో దాక్కున్న చుట్టాలు. మొనతో చిన్న మేకు పట్టాలి, నడిమి పళ్లతో నట్టు పట్టాలి, తీగని దవడ మూలలోకి తోసి నొక్కాలి. మొనతో తీగ తెంపబోయినవాడికి మొన వంకరపోతుంది, తీగ నవ్వుతూ అలాగే ఉంటుంది. స్క్రూడ్రైవరుని పలుగులా వాడినవాణ్ణి నేను ఇంటికి రానివ్వను. నెలకోసారి కీళ్లలో కుట్టుమిషను నూనె ఒక చుక్క వెయ్యాలి, రెండో చుక్క వేస్తే దుమ్ము పట్టి బిగుస్తుంది. వయసు మీరాక గోళ్లు పెళుసెక్కుతాయి కనక కత్తిని గోటితో లేపకూడదు, పాత నాణెం అంచుతో లేపాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకోటుంది. నకలు సరుక్కి, కత్తి తెరిచాక దాన్ని నిలబెట్టే బిగింపు ఉండదు. మొన మీద బరువు వేశావా, వెనక్కి ముడుచుకుని నీ వేలే కోస్తుంది. ఇది నాకు బాగా తెలుసు. తెలిసీ ఓ శనివారం పొద్దున టీలోకి పాలడబ్బాని కత్తితో పొడిచాను. ఓపెనరు పక్కనే ఉంది. అది కొరుక్కుంటూ కొరుక్కుంటూ డబ్బా చుట్టూ నడవాలి, దానికి ఓపిక కావాలి. కత్తికైతే ఒక్క పోటు చాలు.

కోడలు వచ్చేసరికి వంటింటి గట్టుమీద తెల్లటి పాలూ ఎర్రటి నెత్తురూ కలిసి గులాబీ రంగు తిరుగుతున్నాయి.

"ఏటైనాది మావయ్యా?"

"డబ్బా రేకు గీసుకున్నాది."

ఆవిడ నా వేలికి గుడ్డ చుట్టి, గట్టుమీద పడున్న వస్తువుని చూసింది. "రేకు గీసుకుంటే కత్తికెందుకు మూతి ఎర్రగున్నాది?"

ఏడు కుట్లు పడ్డాయని టీకొట్లో చెప్పాను. పడ్డవి రెండు.

ఆ సాయంత్రం తీర్పు చెప్పేశారు. మా అబ్బాయి అన్నం కలుపుతూ, కళ్లెత్తకుండా, "నాన్నా, అది సెప్పినట్టు ఇను," అన్నాడు. మనవరాలు "మలొ నే ఫోఫో" అంది. చెయ్యొద్దు తాతా అని. కోడలు అరచెయ్యి చాపింది.

"అదిటు ఇచ్చీండి."

"శనివారం ఇనుము సోటు మారకూడదు."

"ఎవుడు సెప్పినాడు?"

"మా తాత."

మా తాత అలాంటిదేమీ చెప్పలేదు. శనివారం ఇనుము కొనకూడదని మాత్రం మా అమ్మ అనేది. ఆదివారం నాడు అమావాస్య అన్నాను. సోమవారం ఆవిడ క్యాలెండరు చేత్తో పట్టుకునే వచ్చింది. అమావాస్యకి ఇంకా తొమ్మిది రోజులుంది. ఇక దారిలేక, పద్ధతి ప్రకారం నేలమీద పెట్టి, దానిమీద కాలు వేశాను.

"కాలు తియ్యండి."

తీశాను. ఆవిడ వంగి తీసుకుని కుట్టుమిషను సొరుగులో పెట్టి మూసింది. "ఇకమీదట మీరేటీ సెయ్యక్కర్నేదు మావయ్యా. ఇన్నాళ్లు సేసినారు, సాలు. హాయిగా కూకోండి."

ఈ కూకోండి అనే మాటలో ఎంత మర్యాద ఉందో నాకు తెలుసు. అంత మర్యాద నాకు లాయరుగారి ఆఫీసులో నలభై ఏళ్లలో ఎప్పుడూ జరగలేదు. అక్కడ "ఏయ్, ఆ ఫైలేదీ" అనేవారు, నేను పరిగెత్తేవాణ్ణి. ఇప్పుడు కుర్చీ తెచ్చి వేస్తున్నారు. మగ్గు పిడి ఊడితే అబ్బాయి కొత్త మగ్గు కొనుక్కొచ్చాడు. మా తాడు క్లిప్పు విరిగితే సంచీని ముడి వేసి లాక్కుంటున్నారు. వంటింటి తలుపు కీచుమంటుంటే అందరూ ఊరికే వింటున్నారు. ఒక్కరూ "ఇది కాస్త చూడు" అనలేదు. ఇంట్లో నాకు పని చెప్పడం మానేశారు. డెబ్బై నాలుగేళ్ల మనిషి దగ్గర పని కూడా తీసేస్తే ఇక మిగిలేది మందుల డబ్బా. ఎలాగైనా ఆ సొరుగు తెరిపించి తీరాలని ఒట్టు పెట్టుకున్నాను.

కూర్చోమన్నారు కనక కూర్చున్నాను. కుర్చీని ఈడ్చుకెళ్లి సరిగ్గా కుట్టుమిషను ముందు వేసుకుని కూర్చున్నాను. పొద్దున టీ తాగి కూర్చుంటే మధ్యాహ్నం అన్నానికి లేచేవాణ్ణి. మళ్లీ కూర్చునేవాణ్ణి. ఆవిడ జాకెట్టు చేతులు కుడుతుంటే చూస్తూ ఉండేవాణ్ణి.

"ఎలుతురు అడ్డమొస్తన్నారు మావయ్యా."

"కూకోమన్నావు గదా అమ్మా."

"ఇక్కడ కూకోమన్నానా?"

"ఎక్కడో సెప్పనేదు."

ఈ యుద్ధం నెల్లాళ్లు నడిచిందని చెప్పుకుంటాను. నడిచింది తొమ్మిది రోజులు, అందులో రెండు మధ్యాహ్నాలు నేను కుర్చీలోనే నిద్రపోయాను.

తొమ్మిదో రోజున జరిగింది చెబుతాను. మాకు కరెంటు వాయిదాల మీద వస్తుంది. ఎప్పుడొచ్చేదీ ఎప్పుడు పోయేదీ కాగితం మీద రాసి ఉంటుంది గాని, కరెంటు ఆ కాగితం చదవదు. వచ్చిన వెంటనే కిందికి పరిగెత్తి, మెట్ల కింద ఇనప బోనులో ఉన్న మా మోటారు తాళం తీసి, స్విచ్చి వేస్తే నీళ్లు పైకెక్కుతాయి. రెండు రోజులుగా ఎక్కలేదు. డ్రమ్ము అడుగున రెండు చెంబుల నీళ్లున్నాయి. ఇంట్లో నేనూ కోడలే ఉన్నాం.

పదిన్నర వేళ వీధంతా ఒక్కసారి అరిచింది, "మీ లా బీ!" కరెంటొచ్చిందని. ఈ ఊళ్లో ముసలీ ముతకా అందరూ అరిచే అరుపది. కింద మొహింగా ఆవిడ మా బాల్కనీకేసి తలెత్తి, "అబా! మీ లా బీ!" అని నాకు వేరేగా ఇంకో కేక పెట్టింది. అబా అంటే పెద్దాయన.

కోడలు మిషను మీంచి లేచి తాళాల గుత్తి పట్టుకుని పరిగెత్తింది. మా గుమ్మానికి చెక్క తలుపు, దాని అవతల ముడుచుకునే ఇనప గేటు, గేటుకి తాళంకప్ప. ఇంట్లో ఉన్నా వేసే ఉంచుతాం, ఊచల మధ్యనుంచి చెయ్యి పెట్టి తీస్తాం. తాళంచెవి అరిగిపోయి ఉంది, ఆవిడది హడావిడి చెయ్యి. టక్కుమంది. గుత్తి ఆవిడ చేతిలో ఉంది, చెవి ముక్క తాళంకప్పలో ఉంది.

రెండో తాళంచెవి మా అబ్బాయి దగ్గర, చౌక్తడాలో అతని ఆఫీసులో ఉంది. అక్కణ్ణుంచి రావాలంటే గంట పైమాటే.

"అయిపోనాది. ఇయ్యాల కూడా నీళ్లు నేవు," అని ఆవిడ గేటు పట్టుకుని ఊపేసింది. పై అంతస్తు వాళ్ల మోటారు అప్పుడే గుర్రుమంటోంది.

నేను కుర్చీలోంచి లేవలేదు.

"మావయ్యా! బేగి రండి, ఏటైనా సూడండి!"

"నన్ను కూకోమన్నారు."

"ఇది ఎటకారాలాడే టయిమేటి?"

"సొరుగు తియ్యి."

ఆవిడ నన్ను చూసింది, గేటుని చూసింది. వచ్చి సొరుగు లాగి, వస్తువుని తీసి, నా కాళ్ల దగ్గర నేలమీద పెట్టింది. వంగి తీసుకున్నాను. మోకాలు పట్టేసింది, ఆ సంగతి పైకి తెలియనివ్వలేదు.

"రెండు నిమిషాలు," అన్నాను.

ఊచల మధ్యనుంచి తాళంకప్పని నా వైపుకి తిప్పి చూస్తే ముక్క బాగా లోపలికి ఉంది. ప్లేయర్ మొన దూరలేదు. దబ్బనం తీసి, ముక్క పళ్లకి తగిలించి లాగాను. కదిలింది.

"సూశావా!" అన్నాను.

కొంచెం ముందుకొచ్చి ఇరుక్కుపోయింది. ఇంకా లాగాను. అప్పుడు గాని నా మట్టిబుర్రకి వెలగలేదు. లాగి ఏం చేస్తాను? లాగినాక అందులో పెట్టడానికి వేరే చెవి ఏది? తాళంకప్పకి కావలసింది ఆ ముక్కే. దాన్ని మళ్లీ చివరికంటా తోసి, దాని వెనక సన్న స్క్రూడ్రైవరు మొన పెట్టి తిప్పితే, లోపలి మీటలకి అదే తాళంచెవి. పిడి మన వేళ్ల కోసమే గాని తాళం కోసం కాదు. పది నిమిషాలుగా నేను ఇంటిని ఇంకా గట్టిగా బంధిస్తున్నానన్నమాట.

"ఏటైనాది?"

"ఏటీ అవనేదు. ఇప్పుడే అసలు పని మొదలెడుతున్నాను."

స్క్రూడ్రైవరు లాగాను. ఇక్కడొక మాట చెప్పాలి. నా కుడిచెయ్యి వణుకుతుంది. ఏడాదిన్నర నుంచీ వణుకుతోంది. టీకొట్లో గ్లాసు సగమే పోయించుకుంటూ, డాక్టరు తక్కువ తాగమన్నాడని చెబుతున్నాను. కత్తి ముడుచుకున్న రోజున కూడా తప్పు కత్తిది సగమే. ఆ సన్న మొన తాళం సందులో పెట్టబోతే ఒకసారి ఇటు జారింది, ఒకసారి అటు జారింది. మూడోసారి ఇనుముకి ఇనుము తగిలి గడగడా చప్పుడైంది, పళ్లు కొట్టుకున్నట్టు. కోడలు ఆ చప్పుడు వింది.

"నూనె తే," అన్నాను. "ఒక్క సుక్క."

"తెలుసు. మిషను నాదే కదేటి."

చుక్క వేసింది. నేను వస్తువుని నేలమీద పెట్టాను. నీళ్లకి కటకటలాడుతున్నా పద్ధతి పద్ధతే. ఆవిడ తీసుకుంది.

"నాను తాళంకప్ప పట్టుకుంటాను, కదలనివ్వను. నువ్వు తొయ్యి. బలం పెట్టకు. సూదిలో దారం ఎక్కించినట్టు."

"ఎల్లట్నేదు."

"ఎల్తాది. కాస్త కిందికి దించు... ఆగిందా?"

"ఆగినాది."

"ఇప్పుడు కుడికి."

"తిరగట్నేదు మావయ్యా."

"తాళాన్ని కిందికి లాగుతున్నాను. నువ్వు ఊపిరొగ్గేసి తిప్పు."

ముప్పయ్యేళ్లుగా సూది పట్టిన చెయ్యి ఆవిడది. ఒక్క తిరుగుడుకి కప్ప నోరు తెరిచింది. ఆవిడ చెప్పులు కూడా వేసుకోకుండా నాలుగంతస్తులూ దిగిపోయింది. కాసేపటికి గొట్టంలో గాలి దగ్గి, దగ్గి, ఆ తర్వాత నీళ్లు పడ్డాయి. డ్రమ్ము ముప్పాతిక నిండేసరికి కరెంటు పోయింది.

ఆ గేటు నేనొక్కణ్ణే, రెండు నిమిషాల్లో, కళ్లు మూసుకుని తీశానని బాల్కనీలోంచి మొహింగా ఆవిడకి చెప్పాను. పట్టింది అరగంట, తీసింది కోడలు.

మధ్యాహ్నం అన్నాలప్పుడు కోడలు నా కంచంలో చేపముక్క రెండోది కూడా వేసి, "మీరు నేకపోతే ఇయ్యాల ఏటైపోయేవోల్లమో," అంది. వస్తువు నా జేబులోనే ఉంది. ఆవిడ అడగలేదు. నోరు మూసుకుని ముక్క తినేస్తే సరిపోయేది. కాని నా నోటికి ఉన్న జబ్బు అది కాదు.

"అమ్మా, మోటారు బోను తాళంచెవి ఆ గుత్తిలోనే గదా ఉన్నాది?"

"ఆ."

"గుత్తి నీ సేతిలోనే ఉండిపోయింది గదా?"

"ఉంటే?"

"దాన్ని తాడుకి కట్టి కిందికి ఒగ్గితే మొహింగా ఆవిడ స్విచ్చి ఏసేది. డ్రమ్ము నిండా వొచ్చేవి నీళ్లు."

ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది.

"నాకు మొదటి నిమిషంలోనే తట్టినాది," అన్నాను. "సెప్పనేదు."

ఆ తర్వాత జరిగింది రాస్తే కాగితం చిరుగుతుంది. రెండు రోజులుగా పిల్ల గుంటకి తలంటు లేదట, తడిగుడ్డతో గిన్నెలు తుడిచి వండిందట, తను అరగంట గేటు దగ్గర చెమటలు కక్కుతుంటే ఈ ముసలాయన నాటకమాడాడట. అన్నీ నిజాలే.

"మీరేటి మనిషండీ! సొరుగు తియ్యమని అడగొచ్చు గదా!"

"తొమ్మిది రోజులు మిషను ముందు ఏటి సేసినాను మరి?"

"కూకున్నారు!"

"అడగటమే అది."

జేబులోంచి వస్తువు తీసి, రెండు కంచాల మధ్య నేలమీద పెట్టాను. "తీసుకెళ్లి దాసుకో. కాని ముందే సెప్తున్నాను, మళ్లీ తెరిపిస్తాను. నీ సొరుగుకి ఉన్నవి రెండే స్క్రూలు. సెయ్యి వణికితే వణకనీ. వణుకుతూ వణుకుతూనే తీస్తాను. మీరు ఎన్ని కుర్సీలేసినా నాను కూకోను."

చెయ్యి వణుకుతుందని మా ఇంట్లో నేను పైకి అనడం అదే మొదలు. ఆవిడ తింటున్న చెయ్యి కడుక్కుని, వంగి వస్తువు తీసుకుని మిషను దగ్గరికి వెళ్లింది. కత్తిని లేపింది. నా నాణేలతో పనిలేకుండా, గోటితోనే. కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, దాన్ని మళ్లీ ముడిచి, పిడితో కలిపి నల్ల టేపు నాలుగు చుట్లు బిగించి చుట్టింది. వెనక్కి వచ్చింది. నేను నేలమీద చోటు చూపించాను, ఇక్కడ పెట్టమని.

ఆవిడ వంగలేదు. నా మణికట్టు పట్టుకుని, వస్తువుని సూటిగా నా అరచేతిలో పెట్టి, వేళ్లు మూసింది.

"సేతికి సెయ్యి ఇస్తే తగువులొస్తాయే అమ్మా," అన్నాను.

"రానీండి. రోజూ మీకు కుర్సీలెయ్యడం కన్నా తగువే నయం." బాల్కనీలోకి వెళ్లి విరిగిన క్లిప్పు తాడుతో సహా ఈడ్చుకొచ్చి నా ఒళ్లో పడేసింది. "ముందిది సూడండి. ముడులెయ్యనేక సస్తన్నాను."

తగువులు వచ్చాయి. రేవులో వాళ్లు చెప్పింది నిజమే. తలుపు కీళ్ల దగ్గర ఒకటి, ఇస్త్రీపెట్టె దగ్గర ఒకటి, నూనె రెండో చుక్క వేశానని ఒకటి. ఆ టేపు ఆ సాయంత్రమే పీకి అవతల పారేశానని టీకొట్లో చెప్పాను. ఇంకా ఉంది. అంచు లేచినప్పుడల్లా నేనే బొటనవేలితో అదుముతుంటాను. పాలడబ్బాలు ఓపెనరుతోనే కోస్తున్నాను, కొరుక్కుంటూ కొరుక్కుంటూ.

క్లిప్పు మాత్రం రెండు నిమిషాల్లో బాగుచేశాను. సరే, మధ్యాహ్నమంతా పట్టింది. స్ప్రింగు రెండుసార్లు ఎగిరి మంచం కిందికి పోయింది, రెండోసారి వెతకడానికి ఆవిడే దూరాల్సి వచ్చింది. ఆ తర్వాత కోడలు వచ్చి నా నెత్తిమీద నిలబడింది.

"ఏటీ, ఇంకా అవనేదా?"

"నువ్వెల్లి కూకో," అన్నాను.